కాందిశీక కుటుంబమునుండి లోకసభకు: మినీమాత జీవితము – ఒక పరిశీలనము

నేడు తెలుగు పత్రికలలో శరణార్థి యను పదము స్థిరపడినది. ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున మన పత్రికలు కాందిశీకుడు అను పదమునే విరివిగా వాడెడివి. 1942లో బర్మానుండి అడవులు కొండలు దాటి కాలినడకను తిరిగివచ్చిన తెలుగువారు కాందిశీకులే. 1947 దేశవిభజనముతో ఇల్లు వాకిలి విడిచి వచ్చినవారును కాందిశీకులే. అమరకోశము ఈ పదమునకు భయముచే పరుగెత్తువాడు అని అర్థము చెప్పినది. “ఏ దిక్కునకు పోవుదును?” అను ప్రశ్ననుండి ఈ పదము పుట్టినదని వ్యాఖ్యాతలు వివరింతురు. శరణార్థి యను మాట ఆశ్రయ మిచ్చువాని గుమ్మమును సూచించును. కాందిశీకుడు అను మాటలో గుమ్మము లేదు, దిక్కు తోచని దారి మాత్రమే యున్నది. ఈ వ్యాసమున ప్రస్తావింపబడు కుటుంబమునకు రెండవ మాటయే తగునని నా అభిప్రాయము.

రాయపూరు నగరమునకు కాందిశీకులు క్రొత్త కాదు. నగరమునకు చేరువనున్న మానా యను చోట తూర్పు బెంగాలునుండి వచ్చినవారికై ఏర్పడిన శిబిరము, ముఖ్యముగా 1964 తరువాత, వేలాది కుటుంబములను చూచినది. వారిని బస్తరు, కోరాపుట్టు ప్రాంతములకు పంపి స్థిరపరచుటకు 1958లోనే దండకారణ్య ప్రణాళిక ఏర్పడియుండెను. నేడు మానా పేరు చెప్పినచో రాయపూరువారికి విమానాశ్రయము స్ఫురించును. మానాలోనివారికి కష్టములు తక్కువ యని కాదు; కాని వారిని నిర్వాసితులుగా గుర్తించిన చట్టము, శాఖ, లెక్క యుండెను. అంతకు అరువదేండ్లకు పైబడిన పూర్వము ఇదే ఛత్తీస్‌గఢ్ పల్లెలనుండి కరువుచే తరుమబడి అస్సాము తేయాకు తోటలకు చేరినవారికి అట్టి పేరేదియు లేదు. సర్కారు దస్త్రములలో వారు కూలీలు, ఎమిగ్రంట్లు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక నిర్వచనము ప్రకారమును వారు శరణార్థులు కారు: వారు దాటినది దేశపు ఎల్ల కాదు, వారిని తరిమినది రాజు కాదు. అట్టి ఒక కుటుంబములో పుట్టిన స్త్రీ రాయపూరునకు తిరిగివచ్చి, తన సముదాయమునకు మాతయై, 1955నుండి 1972 వరకు లోకసభలో కూర్చుండెను. ఆమెయే మినీమాత. తిరిగివచ్చుటకు ఆమెకు సాధ్యమైన దారి యెట్టిదో, ఆ దారి లేనివారి కేమైనదో చూచుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా సముదాయమును గూర్చి నాలుగు మాటలు. 1756లో గిరౌద్‌పురిలో జన్మించిన గురు ఘాసీదాసు ఉపదేశమును అనుసరించినవారు సత్నామీలు. వీరిలో అత్యధికులు చర్మకార కులమున జన్మించినవారైనను, తరతరములుగ వ్యవసాయమే వీరి జీవనాధారము. ఇది బయటివారు తరచుగ మరచు విషయము. విగ్రహములు లేవు, తెల్లని జెండాతో నిలుచు జైత్‌ఖామ్ స్తంభమే వారి చిహ్నము. మధ్యపరగణాలలో ఆంగ్లేయులు మాలగుజారీ పద్ధతిని స్థిరపరచినప్పుడు గ్రామస్వామ్యము కొలది కుటుంబముల చేతికి పోయెను. సత్నామీ రైతులనేకులు భూమిని కోల్పోయిరి. కులము పేరును గూర్చిన పోరాటము వేరుగ నడచినది. 1920ల దశకమున ఏర్పడిన సత్నామీ మహాసభ, తమను పాత కులనామముతో కాక సత్నామీలని వ్రాయవలెనని ప్రభుత్వమును కోరెను. ఆ దశకపు ఉత్తరార్ధమున ఈ సభ వ్యవహారములలో పాల్గొన్న వారిలో అవధ రైతుల నాయకుడు బాబా రామచంద్ర యొకడు. అతడును పూర్వము ఫిజీ ద్వీపమున ఒప్పందపు కూలీగా పనిచేసి తిరిగివచ్చినవాడే యగుట గమనింపదగినది.

ఇక కరువు. మన తెలుగువారు 1832–33 కరువును నందన కరువనియు, 1876–77 కరువును ధాత కరువనియు సంవత్సరనామములతో జ్ఞాపక ముంచుకొనిరి. ఉత్తరదేశమున 1899–1900 కరువు విక్రమశకము 1956లో వచ్చుటచే ఛప్పనియా అకాల్, అనగా యాబదియారవ యేటి కరువు, అయ్యెను. ఛత్తీస్‌గఢ్‌లో దానికి ముందే 1896–97లో పెద్ద కరువు వచ్చియుండెను. మొదటి దెబ్బనుండి తేరుకొనకమునుపే రెండవది పడినది. ఆ మైదానము వరిమాత్రమే పండు నేల. భాద్రపద ఆశ్వయుజములలో వాన తప్పినచో పంట మొత్తము పోవును. దానిని కాచు రెండవ పైరు లేదు. 1891 జనగణనలోకంటె 1901 జనగణనలో మధ్యపరగణాల జనసంఖ్య తక్కువగ నున్నది. చనిపోయినవా రెందరో, లేచిపోయినవా రెందరో ఆ అంకె చెప్పజాలదు.

లేచిపోవుటకు సాధనము కూడ అప్పుడే సిద్ధమైనది. నాగపూరునుండి ఆసన్‌సోల్ వరకు బెంగాల్–నాగపూరు రైలుమార్గము 1891 నాటికి పూర్తియైనది. ఈ రైల్వేలోనే తరువాతి కాలమున వేలకొలది తెలుగువారు ఉద్యోగములకు చేరి రాయపూరు, బిలాస్‌పూరు, ఖరగ్‌పూరులలో స్థిరపడిరి. కనుక ఈ దారి మనకును తెలిసినదే. కరువునాట ధాన్యమును తెచ్చిన ఆ పట్టాలే మనుష్యులను తీసికొనిపోయెను. ఆరకాఠీలని పిలువబడిన కూలీ దళారులు గ్రామములలో తిరుగుచుండిరి. తెలుగునాట మేస్త్రీ చేసిన పనియే అక్కడ ఆరకాఠీది. బెంగాలుదాక రైలు, గోవాలందో రేవునుండి బ్రహ్మపుత్రలో పొగయోడ, పిమ్మట తోట. తోటలో 1859 నాటి ఒడంబడిక భంగపు చట్టము, 1882, 1901 సంవత్సరముల వలస చట్టములు పనివానిని కట్టివేసెను. ఒప్పందకాలము ముగియకుండ తోట విడిచిన కూలీని నేరస్థునిగా పట్టవచ్చును. ఆకలికి భయపడి ఒకమారు పారిపోయినవాడు రెండవమారు పారిపోవుటకు వీలులేకుండ చేసిన ఏర్పాటిది. గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి పోయిన తెలుగు కూలీలును ఆ తోటలలోనే యుండిరి.

మినీమాత మాతామహుని కథ సత్నామీ సముదాయమున ఈ విధముగ చెప్పబడుచున్నది. అతడు పండరియా జమీందారీలోని సగోనా గ్రామపు మాలగుజారు. కరువు వచ్చినపుడు భార్యను, ముగ్గురు కూతుళ్లను వెంటబెట్టుకొని అస్సామునకు బయలుదేరెను. తల్లిదండ్రులును, ఇద్దరు బిడ్డలును మరణింపగా దేవమతి యను బిడ్డ యొకతె మిగిలెను. ఆ దేవమతియే మినీమాత తల్లి. మృతి యెప్పుడు, యెక్కడ యను విషయమున కథనములు కలియవు. ఒక పాఠమున బిడ్డ రైలులో పోవును, ఒక పాఠమున ఓడలో. ఒక పాఠమున శవము నదికి అప్పగింపబడును.

ఇట్టి పాఠభేదములను చూచి చరిత్రకారుడు పెదవి విరచుట సహజము. పాఠపరిష్కరణము చేయు మనకు అవి వేరుగ కనిపింపవలెను. అన్ని పాఠములలోను మారక నిలిచిన అంశము లేవి? కరువు, ప్రయాణమున మరణము, మిగిలిన ఒక్క ఆడుబిడ్డ. మారునవి చోటు, క్రమము. తోటలకు పోయిన వేలకొలది కుటుంబములకు పొందునట్టి కథ యిది. గోవాలందో దారిలో విషూచి తరచుగ విజృంభించెడిదనుట ఆనాటి ప్రభుత్వపు విచారణలలోనే కనిపించును. కనుక మాతామహుడు నిజముగ మాలగుజారేనా యను ప్రశ్నకంటె, సముదాయము అతనిని మాలగుజారుగా ఏల జ్ఞప్తియం దుంచుకొన్నదను ప్రశ్న విలువగలది. కూలీ యని వ్రాసిన దస్త్రమునకు అది ప్రత్యుత్తరము: మేము భూమి గలవారము, భూమి లేనివారమై పుట్టలేదు. భూమిని కోల్పోయిన రైతు సముదాయము నోట ఈ వాక్యమునకు కేవలము వంశగౌరవమును మించిన అర్థము కలదు.

మినీమాత 1910ల దశకమున అస్సామునందలి నౌగావ్ ప్రాంతమున జన్మించెను. అసలు పేరు మీనాక్షి. పాఠశాలలో కొంత చదువు చదివెను, అసమియా, బెంగాలీ, హిందీ, ఆంగ్లములు తెలిసియుండెను, ఇంటిభాష ఛత్తీస్‌గఢీ. భాషాపరిశోధకులకు ఇక్కడ ఒక విషయము ముఖ్యము. అస్సాములో పుట్టి పెరిగిన బిడ్డకు, తాను చూడని దేశపు భాష ఇంటిభాషగా నిలుచుట యెట్లు? తోటలలో వివిధ ప్రాంతముల కూలీల నడుమ ఒక మిశ్రభాష పెరిగినది. దానితో పాటు, ఒకే ప్రాంతమువారు ఒక లైనులో నివసించిన చోట్ల ఇంటిభాషలును నిలిచినవి. అస్సాములో నేటికిని ఛత్తీస్‌గఢీ మాట్లాడు కుటుంబములు కలవు. సత్నామీల విషయమున మరియొక కారణ ముండవచ్చునని తోచును. వారి మతము గ్రంథముమీదగాక నామముమీద, పాటమీద, గురువుమీద నిలిచినది. పంథీ పాట ఛత్తీస్‌గఢీలోనే యుండును. భాష పోయినచో పాట పోవును, పాట పోయినచో పంథము పోవును.

గురువులు తమ అనుయాయుల గ్రామములను దర్శించు యాత్రకు రామత్ అని పేరు. గురువు పరివారముతో వచ్చును, తగవులు తీర్చును, కానుకలు గైకొనును. గురు అగమదాసు అస్సామునందలి సత్నామీలను చూడ నిట్లే పోయి, మీనాక్షిని చూచి వివాహమాడి, 1930ల ఆరంభమున రాయపూరునకు తీసికొనివచ్చెను. ఆయనకు అది తొలి వివాహము కాదు. గురుపీఠమునకు వారసుని కోరి చేసికొన్నాడని సముదాయమున వాడుక. దీనిని నేటి దృష్టితో చూచి ఆక్షేపింపవచ్చును, సమర్థింపవలసిన పనియు లేదు. కాని కాందిశీకుల చరిత్రలో దీని స్థాన మేమనగా, ప్రభుత్వము తెరువని తిరుగుదారిని గురుయాత్ర తెరచినది. తోటలోని వేలాది ఆడుపిల్లలలో ఒక్కతెకే ఆ దారి లభించినది, అదియు పెండ్లి రూపమున. గురుపత్నిని మాత యని పిలుచుట ఆచారము. మీనాక్షి మినీమాత అయ్యెను.

ఆమె వచ్చిన రాయపూరు నిద్రించుచున్న పట్టణము కాదు. పండిత సుందరలాల్ శర్మ రాజిమ్‌లో హరిజనుల దేవాలయ ప్రవేశమునకై కృషిచేసియుండెను. 1933 నవంబరులో గాంధీజీ హరిజనయాత్రలో రాయపూరునకు వచ్చెను. గురు అగమదాసు గృహము కాంగ్రెసువారికి కూడలి యయ్యెను. స్వాతంత్ర్యానంతరము 1952 ఎన్నికలలో ఆయన బిలాస్‌పూర్–దుర్గ్–రాయపూర్ నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికయై, పదవీకాలము ముగియకుండగనే మరణించెను. 1955లో జరిగిన ఉపయెన్నికలో మినీమాత గెలిచెను. ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునుండి పార్లమెంటు సభ్యురాలైన మొదటి స్త్రీ ఆమెయే.

భర్త స్థానము భార్యకు వచ్చుట మనదేశ రాజకీయములలో సామాన్యము. దానినిబట్టి ఆమెను కొలువరాదు. కొలువవలసినది తరువాతి ఎన్నికలనుబట్టి. 1957లో బలౌదా బజారు ద్విసభ్య నియోజకవర్గమునుండి, విద్యాచరణ్ శుక్లాతో పాటు, ఆమె ఎన్నికయ్యెను. 1962లో మరల అక్కడనుండియే. 1967, 1971 సంవత్సరములలో జాంజ్‌గీర్‌నుండి. పదునేడేండ్లపాటు నియోజకవర్గము మారినను, ద్విసభ్య పద్ధతి పోయినను ఆమె ఓడలేదు.

ఆమెను గూర్చిన జయంతి పుస్తకములలో తరచుగ కనిపించు వాక్య మొకటి కలదు: అస్పృశ్యతా నివారణ బిల్లును పార్లమెంటులో ప్రవేశపెట్టినది మినీమాతయే యని. ఇది సరికాదు. అస్పృశ్యతా నేరముల బిల్లు ప్రభుత్వపు బిల్లు. 1954లోనే లోకసభలో ప్రవేశపెట్టబడినది. మినీమాత సభకు వచ్చినది 1955లో. చట్టము ఆ యేడు జూన్ 1నుండి అమలులోనికి వచ్చెను. 1976లో పౌరహక్కుల రక్షణ చట్టముగా దాని పేరు మారెను. భక్తులు తమ మాతకు లేని కర్తృత్వమును ఆరోపించిరని ఇంతటితో విడువవచ్చునా? విడువరాదని నా మతము. ఛత్తీస్‌గఢ్ పల్లెలో ఆ చట్టము ఎవరి ముఖముతో వచ్చినది? ఢిల్లీలో మంత్రి చదివిన బిల్లు పల్లెకు రాలేదు. మాత తెచ్చిన మాట వచ్చినది. బావివద్ద, క్షౌరశాలవద్ద, హోటలువద్ద అడ్డగింపబడినవాడు చట్టమున్నదని తెలిసికొన్నది ఆమె పర్యటనలవలన. గురువంశపు రామత్, పార్లమెంటు సభ్యురాలి పర్యటన, ఈ రెండును ఆమె విషయమున ఒకే దారిలో నడచినవి. కానుక గైకొనుటకు పోవు యాత్ర అర్జీలు గైకొను యాత్రయైనది. కర్తృత్వారోపణము తప్పు, కాని ఆ తప్పు ఎట్లు పుట్టినదో తెలిసినచో అదియే యొక ఆధారమగును.

ఆమె సంఘసేవలో చదువు, ముఖ్యముగ ఆడుపిల్లల చదువు, బాల్యవివాహ నిరసనము, మద్యపాన నిరసనము ప్రధానములుగ చెప్పబడును. 1955లో సోవియట్ సహాయముతో నిర్ణయమై 1959లో మొదటి ఊదుకొలిమి వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారమున స్థానికులకు పనులు దొరకవలెనని ఆమె పట్టుబట్టెను. భూమి పోగొట్టుకొన్నవాడు తన యూరి ముంగిట లేచిన కర్మాగారమున పరాయివాడగుట ఆమెకు సహింపరానిదైనది. భిలాయికి దేశపు నలుమూలలనుండి, విశేషముగ ఆంధ్రమునుండి, పనివారు వచ్చిరి. అచ్చటి తెలుగు సముదాయము నేటికిని పెద్దది. కనుక ఆమె కోరిక మనవారికి ప్రతికూలముగ తోచవచ్చును. కాని ఆమె వాదమునకు మూలము వలసవచ్చినవారియెడ ద్వేషము కాదు. ఆమెయే వలసపోయినవారి బిడ్డ. ఊరిలో కూడు దొరకనప్పుడే మనిషి రైలెక్కునని ఆమె యింటివారు నేర్చుకొన్న పాఠము. ఢిల్లీలోని ఆమె నివాసము ఛత్తీస్‌గఢ్‌నుండి పనికో చదువుకో వైద్యమునకో వచ్చిన పేదలకు సత్రమువలె నుండెనని ఆమెను గూర్చి వ్రాసిన వారందరును చెప్పుదురు. దిక్కు తోచక వచ్చినవారి నెరిగిన యింటి గుమ్మము మూయబడక యుండుటలో ఆశ్చర్యము లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము: తిరిగిరానివారి కేమైనది? రాజ్యాంగమును అనుసరించి 1950లో వెలువడిన షెడ్యూల్డు కులముల ఉత్తరువు రాష్ట్రములవారీగ జాబితాలను ఏర్పరచినది. మధ్యప్రదేశ్ జాబితాలో సత్నామీ పేరున్నది. 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు జాబితాలోను ఉన్నది. అస్సాము జాబితాలోని పదునారు కులములలో ఆ పేరు లేదు. అనగా, ఒకే గురువును కొలుచు, ఒకే పాటను పాడు, ఒకే యవమానమును ఎరిగిన అక్కచెల్లెండ్రలో రాయపూరునకు వచ్చినది షెడ్యూల్డు కులస్థురాలు. నౌగావ్‌లో నిలిచినది కాదు. మీనాక్షి అస్సాములోనే యుండియున్నచో, ఆమె పేరు ఏ రిజర్వుడు నియోజకవర్గపు నామినేషను పత్రములోను చేరియుండదు. మినీమాత గుణసంపదను తక్కువచేయుటకు ఈ మాట చెప్పుట లేదు. అట్టి గుణసంపద గల స్త్రీలు తోటలలో మరియెందరుండిరో, వారిని పిలుచుటకు మాత యను మాట గాని, సభ్యురాలు అను మాట గాని లేకపోయెనని చెప్పుటకే. ఈ జాబితాల చిక్కు అస్సాములోని తెలుగు సంతతివారికిని ఉన్నది. స్వస్థలమున షెడ్యూల్డు కులముగ నో తెగగ నో గుర్తింపబడిన పెక్కు సముదాయములు అక్కడ తేయాకు తోటలవారను ఉమ్మడి పేరుక్రింద నున్నవి. తెలుగుశాఖలు విదేశాంధ్రులను గూర్చి చేసిన కృషిలో మారిషస్, ఫిజీ, మలయా, బర్మాలకు దొరికిన చోటు బ్రహ్మపుత్ర లోయకు దొరకలేదు. ఓడ సముద్రము దాటిననే వలసయా, నది నెక్కినచో కాదా యని ప్రశ్నింపవలసి యున్నది.

1972 ఆగస్టు 11న ఢిల్లీ పాలం విమానాశ్రయము చేరువ ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానము కూలి మినీమాత మరణించెను. అప్పటికి ఆమె జాంజ్‌గీర్ సభ్యురాలు. ఆమె స్మారకముగ ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము స్త్రీల అభ్యున్నతికై పనిచేసినవారికి మినీమాత సమ్మానము నిచ్చుచున్నది. హస్దేవ్ నదిపై కోర్బాకు ఎగువనున్న బాంగో ఆనకట్టకు ఆమె పేరు పెట్టిరి. అచ్చటి జలవిద్యుత్కేంద్రపు సామర్థ్యము 120 మెగావాట్లు. ఈ పేరు అలంకారముగ పెట్టినది కాదని తోచును. వాన తప్పిన యేట వరిమైదానమున రెండవ ఆధారము లేకపోవుటయే ఆమె మాతామహుని కుటుంబమును రైలెక్కించినది. ఆనకట్ట నీరు ఆ లోటునకు సమాధానము. ఆ కాలువలు ఆమె తుదివరకు ప్రాతినిధ్యము వహించిన జాంజ్‌గీర్ పొలములకు పారుచున్నవి. సగోనా మాత్రము బిలాస్‌పూరునకు పడమటనున్నది, ఆ కాలువల పరిధిలోనిది కాదు.